అండమాన్‌లో ఎంపరర్ చేప కోసం: కడప నుంచి మా ప్రయాణం

మాది కడప. నీళ్ళంటే మాకు పెన్నా, బుగ్గవంకే. ఐదో తరగతి చదివే మా పాప బొమ్మల పుస్తకంలో చూసిన ఎంపరర్ ఏంజెల్ ఫిష్‌ను నిజంగా చూపించమని రెండేళ్ళుగా అడుగుతోంది. ఈ ఫిబ్రవరిలో చెన్నై దాకా రైల్లో, అక్కడి నుంచి విమానంలో అండమాన్ వెళ్ళాం.

మొదట వండూరు నుంచి జాలీ బాయ్ దీవికి పోయాం. అది 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులోది. ప్లాస్టిక్ సీసా, కవరు ఏదీ పడవ ఎక్కనివ్వరు. ఆ పట్టింపు నాకు బాగా నచ్చింది. అడుగున అద్దమున్న పడవ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. మాకిచ్చిన పడవ అద్దమంతా గీతలు, రంగులే తెలియలేదు.

హేవ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, బీచ్ పక్కన తీసుకున్న కాటేజీ దండగ. కరెంటు పోయిన ప్రతిసారీ జనరేటర్ వేయమని బతిమాలుకోవాల్సి వచ్చింది. మరుసటి రోజే గోవింద్ నగర్ బజారు దగ్గరికి మారాం. గది చిన్నదే, కానీ శుభ్రం, అద్దె సగం. మిగిలిన డబ్బుతో నేను స్కూబా డైవ్ చేశాను, అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుగుకు దిగాను.

కింద పగడాల మధ్య కనిపించింది! మూరకు కాస్త తక్కువ పొడవు, ఒంటి నిండా పసుపు, నీలం చారలు, కళ్ళ మీద నల్లటి పట్టీ. రాళ్ళకు అతుక్కున్న స్పాంజీలను కొరుక్కుంటూ తిరుగుతోంది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అదే రోజు ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్ చేసిన, అంటే గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటిపైనే తేలుతూ కిందికి చూసిన పాప వేరే చేప చూసింది. "నాన్నా, ముదురు నీలం మీద తెల్లటి చుట్లు, ముగ్గులాగా ఉంది. నా చేప కనపడలేదు" అని దిగులుపడింది. అది కూడా ఎంపరరే, పిల్లచేప అని గైడ్ చెప్పాక దాని మొహం చూడాలి! పెద్దదయ్యాక చుట్లు పోయి చారలొస్తాయి. పెద్దచేపకు 1787లోనే పేరు పెట్టారు. అయినా శాస్త్రజ్ఞులే పొరబడి, 1801లో పిల్లదాన్ని వేరే జాతనుకుని నికోబార్ పేరు పెట్టారు.

ఆ పిల్లచేప దాక్కునేది పగడాల సందుల్లోనే. 2010లో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు చాలా చచ్చిపోయాయి. అయినా మా ఎదుటే ఒక పడవతను పగడం మీద నిలబడి పర్యాటకులకు ఫోటోలు తీస్తున్నాడు. దిగమని గట్టిగా అడిగాను. దిగాడు. మీరూ అడగండి.