చంద్రుడి చుట్టూ తిరిగే స్టేషనా, చంద్రుడి నేలమీద స్థావరమా: ఏది మేలు?

హనుమకొండలో ఇంటర్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పే నాకు, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన నాటి నుంచి తరగతిలో తరచుగా ఒక ప్రశ్న ఎదురవుతోంది: మనుషులు చంద్రుడిపై పనిచేయాలంటే ముందు కక్ష్యలో స్టేషన్ కట్టుకోవాలా, నేరుగా నేలమీద స్థావరం వేసుకోవాలా? మొదటి దారికి ఉదాహరణ అమెరికా, యూరప్, జపాన్, కెనడా, యు.ఏ.ఈ. కలిసి రూపొందించిన గేట్‌వే ప్రణాళిక. రెండవదానికి చైనా, రష్యా 2021లో ఒప్పందం చేసుకున్న పరిశోధన కేంద్రం.

స్టేషన్ కట్టదలిస్తే ఏ కక్ష్యలో కట్టాలన్నది ముందుగా తేలాలి. అపోలో నౌకలు సుమారు 110 కిలోమీటర్ల ఎత్తున రెండు గంటలకొకసారి చంద్రుణ్ణి చుట్టాయి. అంత దగ్గర నుంచి నేలమీదికి దిగడం తేలికే గానీ, చంద్రుడి లోపల ద్రవ్యరాశి ఒకే తీరుగా పరుచుకొని లేనందున తక్కువ ఎత్తు కక్ష్యలు చాలావరకు క్రమంగా చెదిరిపోతాయి. వాటిని సరిదిద్దుకోవడానికి ఇంధనం ఖర్చవుతూనే ఉంటుంది. గేట్‌వేకు ఎంచుకున్న పొడవాటి కక్ష్య ఉత్తర ధ్రువం వైపు దాదాపు 3,000 కిలోమీటర్ల దగ్గరికి వచ్చి, దక్షిణం వైపు దాదాపు 70,000 కిలోమీటర్ల దూరం పోయి, ఆరున్నర రోజులకొక చుట్టు పూర్తిచేస్తుంది. అక్కడ నిలకడకు ఇంధనం కొద్దిగానే చాలు, భూమి ఎప్పుడూ కనుచూపులోనే ఉంటుంది, దక్షిణ ధ్రువంతో సంబంధం ఎక్కువసేపు నిలుస్తుంది. 2022 నవంబరులో క్యాప్‌స్టోన్ అనే చిన్న ఉపగ్రహం ఆ కక్ష్యలో చేరి, దారి పరీక్షించింది. కాబట్టి స్టేషన్ వరకైతే ఈ కక్ష్యే మేలు. అయితే ఈ ఎంపిక వెనుక మరో కారణం కూడా ఉంది: వ్యోమగాములను భూమి నుంచి తీసుకెళ్లే అమెరికా ఓరియన్ నౌకకు తక్కువ ఎత్తు కక్ష్యలోకి వెళ్లి తిరిగి భూమికి బయలుదేరేంత ఇంధన శక్తి లేదు. నౌకకు తగ్గిన ఆ భారం దిగే వాహనం మీద పడుతుంది. అది వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ సెకనుకు దాదాపు 700 మీటర్ల వేగమార్పుకు సరిపడా ఇంధనాన్ని అదనంగా మోయాలి.

మా కాజీపేట జంక్షన్‌నే తీసుకుందాం. సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ దారులు అక్కడ కలుస్తాయి కాబట్టి దానికి ఆ విలువ. రోజుకొక్క బండి కూడా నడవని చోట అంత పెద్ద జంక్షన్ కట్టామని చెబితే ఊరివాళ్లే నవ్వుతారు. నలుగురు వ్యోమగాములు కొన్ని వారాల పాటు ఉండి, మిగతా కాలమంతా మనుషులు లేకుండా నడిచేలా రూపొందించిన గేట్‌వే ప్రణాళిక కూడా అలాంటిదే.

నీటి విషయానికి వస్తే నేలదే పైచేయి. పాకాల, రామప్ప చెరువులు తవ్వించిన కాకతీయుల నేలమీద పుట్టినవాళ్లకు, నీళ్లున్న చోటే ఊరు నిలుస్తుందని వేరే చెప్పనక్కర్లేదు. దక్షిణ ధ్రువంలో ఎండ సోకని గుంతల్లో మంచు ఉందనడానికి ఆధారాలున్నాయి. దాన్ని తవ్వి తీయగలిగితే తాగునీరే కాదు, ఆక్సిజన్, ఇంధనం కూడా దొరుకుతాయి. కక్ష్యలోని స్టేషన్‌కు మాత్రం ప్రతి చుక్కా బయటి నుంచే రావాలి. కాస్మిక్ కిరణాల విషయంలోనూ అంతే: స్టేషన్‌ను అవి అన్ని వైపుల నుంచి తాకుతాయి, నేలమీద సగం వైపు చంద్రుడే అడ్డు, పైన మట్టి కప్పుకుంటే ఇంకా రక్షణ.

నేలమీది బతుకు సులువని మాత్రం అనను. అక్కడ రాత్రి సుమారు 14 రోజులు. చంద్రయాన్-3లోని ల్యాండర్ విక్రమ్, రోవర్ ప్రజ్ఞాన్ ఒక్క పగలు పనిచేసి, ఆ తరువాతి రాత్రిని దాటి మేలుకోలేదు. ధ్రువం దగ్గర ఎక్కువ కాలం ఎండ పడే గుట్టలున్నా, చల్లదనం, పదునైన ధూళి తప్పవు. స్టేషన్‌కు ఈ రెండు బాధలూ లేవు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను: 2025లో అమెరికా ప్రభుత్వం గేట్‌వేను ఆపాలని ప్రతిపాదిస్తే, అదే ఏడాది అక్కడి చట్టసభ కాంగ్రెస్ దానికి 260 కోట్ల డాలర్లు కేటాయించింది.

మన దేశం 2035 నాటికి భూమి చుట్టూ సొంత స్టేషన్‌ను, 2040 నాటికి చంద్రుడిపై భారతీయుణ్ణి లక్ష్యంగా పెట్టుకుంది. ఒక స్టేషన్ ఎలాగూ కడుతున్నప్పుడు చంద్రుడి చుట్టూ ఇంకొకటి ఎందుకన్నది నా ప్రశ్న. దిగే వాహనానికే ఖర్చు పెట్టడం మేలనిపిస్తుంది. కక్ష్యలోనే ఇంధనం నింపుకొని, ఒకే వాహనం ఏడాదికి పలుమార్లు ధ్రువానికీ, ఇతర ప్రాంతాలకూ దిగి ఎక్కే రోజు వస్తే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. అప్పుడు నేనూ స్టేషన్ వైపే నిలబడతాను.