కొత్త స్విఫ్ట్‌లో ఏ ఇంజిన్‌, ఏ వేరియంట్‌: చాలాకాలం నడిపాక నా లెక్క

మారుతీ సుజుకీ వారి నాలుగో తరం స్విఫ్ట్‌ కారు 2024 మే 9న మన దేశంలో విడుదలైనప్పుడు చర్చంతా ఒక్క విషయం చుట్టూ తిరిగింది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ పోయి మూడు సిలిండర్లది వచ్చింది. పాత కె12ఎన్‌ ఇంజిన్‌ 90 పీఎస్‌ శక్తిని, 113 న్యూటన్‌ మీటర్ల టార్క్‌నూ (బండిని లాగే తిప్పుడు బలాన్నీ) ఇచ్చేది. కొత్త జెడ్‌12ఈ ఇచ్చేది సుమారు 82 పీఎస్‌, 112 న్యూటన్‌ మీటర్లు. రెండింటి సామర్థ్యమూ 1197 సీసీయే. సిలిండరూ తగ్గింది, శక్తీ తగ్గింది, ధర మాత్రం పెరిగిందని చాలామంది పెదవి విరిచారు. నేను విడుదలైన కొన్నాళ్లకే, కింది నుంచి రెండో వేరియంట్‌ అయిన వీఎక్స్‌ఐ పెట్రోలు మాన్యువల్‌ తీసుకున్నాను. అప్పటినుంచి హైదరాబాద్‌ ట్రాఫిక్‌లోనూ, విజయవాడ హైవే మీదా, శ్రీశైలం ఘాట్‌లోనూ అదే బండి. మా తమ్ముడి దగ్గర 2021 నాటి నాలుగు సిలిండర్ల స్విఫ్ట్‌ ఉండటం వల్ల రెండింటినీ ఒకే దారిలో నడిపి చూసే వీలు చాలాసార్లు దొరికింది. కాగితం మీద కనిపించే ఆ ఎనిమిది పీఎస్‌ల తేడాను చూసి ఈ కారును వదులుకోవాల్సిన పని లేదని, అయితే పైస్థాయి వేరియంట్లకు అడిగే డబ్బు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించి పెట్టాల్సిందేనని నా అభిప్రాయం.

ముందు ఇంజిన్‌ సంగతి. కొత్త ఇంజిన్‌లో సిలిండర్‌ వ్యాసం 74 మిల్లీమీటర్లు, పిస్టన్‌ ప్రయాణించే దూరం 92.8 మిల్లీమీటర్లు. పాతదానిలో అవి 73, 71.5 మిల్లీమీటర్లు. అంటే పాత ఇంజిన్‌ పైకి తిరగడానికి ఇష్టపడే రకమైతే, కొత్తది తక్కువ ఆర్‌పీఎంలోనే (అంటే ఇంజిన్‌ నిమిషానికి తక్కువ చుట్లు తిరుగుతున్నప్పుడే) బరువు లాగే పొడవైన స్ట్రోక్‌ రకం. ఈ తేడా నడిపేవారికి మొదటి స్పీడ్‌ బ్రేకర్‌ దగ్గరే తెలిసిపోతుంది. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట వరకు సాయంత్రం వేళ వెళ్తుంటే పాత బండిలో స్పీడ్‌ బ్రేకర్‌ దాటగానే రెండో గేరు నుంచి ఒకటికి దించాలా వద్దా అని చెయ్యి ఊగిసలాడేది. కొత్తదానిలో రెండో గేరులోనే ఏసీ వేసి ఉన్నా, వెనక ముగ్గురు కూర్చున్నా యాక్సిలరేటర్‌ను కొద్దిగా నొక్కితే మొరాయించకుండా సాగుతుంది. మూడో గేరులో గంటకు ముప్పై కిలోమీటర్ల వేగం నుంచి నెమ్మదిగా అందుకోవడం కూడా ఇదే తీరు. నగరంలో రోజూ రెండు గంటలు క్లచ్‌ మీద కాలు పెట్టేవారికి ఇది అంకెల్లో కనిపించని లాభం.

నష్టం ఎక్కడంటే, పైన. నాలుగు వేల ఆర్‌పీఎం దాటాక పాత ఇంజిన్‌ ఊపందుకున్నట్టు ఉండేది. కొత్తది అక్కడ శబ్దం పెంచుతుంది గానీ దానికి తగ్గట్టుగా వేగం పెంచదు. హైవే మీద లారీని దాటడానికి ఐదో గేరులోనే యాక్సిలరేటర్‌ తొక్కి కూర్చుంటే ఎదురుచూపు తప్పదు. మూడుకో నాలుగుకో దించి దాటాలి. గేరు మార్చడం తేలిగ్గా ఉంటుంది కనుక దీన్ని నేను పెద్ద లోటుగా చెప్పను. కానీ పాత స్విఫ్ట్‌ను దాని హుషారు కోసమే ఇష్టపడినవారికి ఇక్కడ వెలితి తెలుస్తుంది. మా తమ్ముడు నా బండి తీసుకుని ఔటర్‌ రింగు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి వచ్చి, ఇంజిన్‌ను మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. తాళం మాత్రం చాలా తొందరగా తిరిగి ఇచ్చేశాడు.

వణుకు గురించి అడగనివారు లేరు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌ 180 డిగ్రీలు తిరిగిన ప్రతిసారీ ఒక సిలిండర్‌లో ఇంధనం మండుతుంది. మూడు సిలిండర్లలో అది 240 డిగ్రీలకు ఒకసారి. ఆ ఎడం వల్ల నిలిపి ఉంచినప్పుడు మూడు సిలిండర్ల ఇంజిన్లన్నిటిలోనూ ఒక సన్నని అదురు ఉంటుంది, ఇందులోనూ ఉంది. సిగ్నల్‌ దగ్గర ఏసీ కంప్రెసర్‌ పనిచేయడం మొదలైన క్షణంలో స్టీరింగు మీద పెట్టిన వేళ్లకు అది తగులుతుంది, కారు కదలగానే పోతుంది. మొదట్లో గమనించేవాణ్ని, ఇప్పుడు ఎవరైనా అడిగితే తప్ప గుర్తుకు రాదు. నాలుగు సిలిండర్ల నునుపే ముఖ్యమనుకునేవారికి ఇదే తరగతిలో హ్యుందయ్‌ గ్రాండ్‌ ఐ10 నియోస్‌ 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌తో ఉంది. రెండూ ఒకే రోజున టెస్ట్‌ డ్రైవ్‌ చేస్తే ఈ ఒక్క విషయంలో సందేహం తీరిపోతుంది.

ఘాట్‌ రోడ్డు మీద దీని నడక నాకు సంతృప్తినిచ్చింది. శ్రీశైలం వెళ్లేటప్పుడు దోమలపెంట దాటాక దిగువకు దిగి, ఆనకట్ట దగ్గర వంతెన దాటి, సున్నిపెంట వైపు ఎక్కే మలుపులుంటాయి కదా, అక్కడ ఐదుగురితో, డిక్కీ నిండా సామానుతో ఎక్కించాను. మలుపులో రెండో గేరు, అది తిరిగాక మూడో గేరు, అంతే. ఏసీ ఆపాల్సిన అవసరం రాలేదు. అదే దారిలో పాత బండిని మలుపు మధ్యలో రెండో గేరులో గట్టిగా తిప్పుతూ ఉండాల్సి వచ్చేది.

మైలేజీ విషయంలో కంపెనీ చెప్పే అంకెలు మాన్యువల్‌కు లీటరుకు 24.8 కిలోమీటర్లు, ఆటోమేటిక్‌కు 25.75. పాత ఇంజిన్‌కు ఇవి సుమారు 22.4, 22.6గా ఉండేవి. ఈ అంకెలు ప్రయోగశాలలో రోలర్ల మీద తేల్చినవి కాబట్టి రోడ్డు మీద అంత వస్తుందని ఆశించడం తగదు. ట్యాంకు పూర్తిగా నింపి, మళ్లీ నింపేదాకా నడిచిన దూరాన్ని లెక్కగట్టి చూస్తే నాకు నగరంలో పదిహేను నుంచి పదిహేడు వరకు, హైవే మీద తొంభై దాటకుండా వెళ్తే ఇరవై ఒకటి నుంచి ఇరవై మూడు వరకు వస్తోంది. వంద దాటించి నడిపితే ఆ లాభం కరిగిపోతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్‌ కలిపిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే శక్తికి మూడింట రెండు వంతులే కనుక, ఏ పెట్రోలు కారుకైనా మైలేజీ కొంత తగ్గుతుంది. ఇంజిన్‌ ఈ20 అనే ఈ పెట్రోలుకు తగినట్టుగా తయారైనదే, అయినా భౌతికశాస్త్రాన్ని ఏ కంపెనీ మార్చలేదు కదా. ట్యాంకు 37 లీటర్లే కావడం వల్ల దూరప్రయాణాల్లో బంకు వైపు కాస్త ముందుగానే చూసుకోవాలి.

ఇక ఆటోమేటిక్‌. ఏజీఎస్‌ పేరుతో వచ్చే ఇది అసలు ఆటోమేటిక్‌ గేర్‌బాక్సు కాదు. అదే ఐదు గేర్ల మాన్యువల్‌కు క్లచ్‌ను, గేరును మార్చే యంత్రాన్ని తగిలించిన ఏర్పాటు. మా వదిన కారు ఇదే కావడంతో నాకు దీనితోనూ బాగానే పరిచయం ఉంది. నిదానంగా నడిపితే హాయిగా ఉంటుంది. తొందరపెడితే ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు కారు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి ముందుకు కదులుతుంది. ఆ క్షణంలో యాక్సిలరేటర్‌ను కొద్దిగా వదిలితే ఆ కుదుపు దాదాపు తెలియదు, వదిన అలాగే అలవాటు చేసుకుంది. విడుదలైనప్పుడు మాన్యువల్‌ మీద దీనికి 50 వేల రూపాయలు అదనం. 2024 జూన్‌లో కంపెనీ ఏజీఎస్‌ ధరలను 5 వేలు తగ్గించింది. నగరంలోనే ఎక్కువగా తిరిగేవారు పైవేరియంట్‌కు పెట్టే డబ్బును దీనిమీద పెట్టడం మేలని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే అల్లాయ్‌ చక్రాలు మోకాలి నొప్పి తగ్గించవు.

సీఎన్‌జీ 2024 సెప్టెంబరు 12న వచ్చింది. వీఎక్స్‌ఐ సీఎన్‌జీ ప్రారంభ ధర 8.20 లక్షలు, అప్పటి అదే పెట్రోలు వేరియంట్‌ 7.29 లక్షలు, అంటే తేడా సుమారు 90 వేలు. గ్యాస్‌ మీద శక్తి దాదాపు 70 పీఎస్‌కు, టార్క్‌ సుమారు 102 న్యూటన్‌ మీటర్లకు తగ్గుతుంది. కంపెనీ చెప్పే మైలేజీ కిలోకు 32.85 కిలోమీటర్లు. గేర్‌బాక్సు మాన్యువల్‌ మాత్రమే. ఇక్కడ లెక్క వేసుకోకుండా కొనకూడదు. పెట్రోలు లీటరు 107 రూపాయలు, సీఎన్‌జీ కిలో 95 రూపాయలు అనుకుందాం. రోడ్డు మీద పెట్రోలుకు 19, గ్యాస్‌కు 26 కిలోమీటర్లు వస్తాయనుకుందాం. కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు సుమారు 5.60, గ్యాస్‌ ఖర్చు 3.65. మిగిలేది రెండు రూపాయల లోపు. ఆ 90 వేలు తిరిగి రావాలంటే దాదాపు 46 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు పదిహేను వందల కిలోమీటర్లు నడిపేవారికి అది రెండున్నరేళ్లు, అయిదు వందలే నడిపేవారికి ఏడేళ్లు దాటుతుంది. పెట్రోలు బండిలో 265 లీటర్లున్న డిక్కీలో చాలా భాగాన్ని సిలిండరే తీసుకుంటుంది, స్టేషన్‌ దగ్గర క్యూ వేరే. మీ ఊళ్లో గ్యాస్‌ ధర తక్కువైతే లెక్క మారుతుంది, అందుకే నా అంకెల స్థానంలో మీ అంకెలు పెట్టి చూసుకోండి.

డీజిల్‌ గురించి ఇంకా అడుగుతున్నారు. 2007లో వచ్చిన 1.3 లీటర్ల డీజిల్‌ స్విఫ్ట్‌కు మన రాష్ట్రాల్లో ఉన్న పేరు అలాంటిది. 2020 ఏప్రిల్‌లో బీఎస్‌6 కాలుష్య నిబంధనలు అమల్లోకి రావడంతో అది ఆగిపోయింది, మళ్లీ రాలేదు. హ్యాచ్‌బ్యాక్‌లో డీజిలే కావాలనుకుంటే టాటా ఆల్ట్రోజ్‌ వైపు చూడాలి. జపానులో ఇదే స్విఫ్ట్‌ను మైల్డ్‌ హైబ్రిడ్‌తో (ఇంజిన్‌కు చిన్న విద్యుత్‌ మోటారు సాయం చేసే ఏర్పాటుతో) అమ్ముతున్నారు, దాన్ని మనకు ఇవ్వకపోవడం ధరను అదుపులో ఉంచడానికే అని అర్థమవుతూనే ఉన్నా, కనీసం పైవేరియంట్‌లో ఇచ్చి ఉంటే ఆ ధరకు ఒక న్యాయం ఉండేది.

ధర దగ్గరికి వస్తే, విడుదలైన రోజున ఎల్‌ఎక్స్‌ఐ 6.49 లక్షలు, వీఎక్స్‌ఐ 7.29, వీఎక్స్‌ఐ ఆప్షన్‌ సుమారు 7.57, జెడ్‌ఎక్స్‌ఐ 8.29, జెడ్‌ఎక్స్‌ఐ ప్లస్‌ 8.99, రెండు రంగుల ఆటోమేటిక్‌ 9.64 లక్షలు. ఇవన్నీ ఎక్స్‌-షోరూమ్‌ ధరలు, అంటే లైఫ్‌ ట్యాక్స్‌, బీమా కలపనివి. ఆరు ఎయిర్‌బ్యాగులు, కారు జారకుండా అదుపు చేసే ఈఎస్‌పీ కింది వేరియంట్‌ నుంచే ఉండటం ఈ కారులో నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం. భద్రత కోసం పైకి వెళ్లాల్సిన అవసరం లేదు. ఎల్‌ఎక్స్‌ఐలో పాటలు వినడానికి కూడా ఏమీ ఉండదు, బయట పెట్టించుకుంటే కొంత మిగులుతుంది గానీ తీగలు కోయడం నాకు ఇష్టం లేక వీఎక్స్‌ఐ తీసుకున్నాను. జెడ్‌ఎక్స్‌ఐకి వెళ్తే వచ్చేవి ముఖ్యంగా పదిహేను అంగుళాల అల్లాయ్‌ చక్రాలు, ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు, ఆటోమేటిక్‌ ఏసీ. ఇందులో హెడ్‌లైట్లను తప్ప దేన్నీ నేను కోరుకోలేదు. రాత్రి హైవే మీద మాత్రం వాటిని గుర్తు చేసుకుంటాను. ప్లస్‌లో తొమ్మిది అంగుళాల తెర, క్రూజ్‌ కంట్రోల్‌ వస్తాయి. ఆ ధరకు పై తరగతి కార్ల కింది వేరియంట్లు అందుబాటులోకి వస్తాయి కాబట్టి అక్కడ స్విఫ్ట్‌ను సమర్థించడం కష్టం.

2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 29 శాతంగా ఉన్న పన్ను 18 శాతానికి తగ్గింది. దానితో స్విఫ్ట్‌ ప్రారంభ ధర 5.79 లక్షలకు దిగింది. తెలంగాణలో అయిదు నుంచి పది లక్షల మధ్య కార్లకు లైఫ్‌ ట్యాక్స్‌ 14 శాతం కనుక, ధరలో తగ్గిన 70 వేల మీద మరో 9,800 రూపాయలు అక్కడా మిగులుతాయి. మీ పేరు మీద ఇప్పటికే ఒక కారు ఉంటే ఇంకో 2 శాతం అదనంగా కట్టాల్సి వస్తుందని కూడా ముందే లెక్కలో వేసుకోండి.

ఆన్‌రోడ్‌ ధర కాగితం చేతికిచ్చినప్పుడు ఒక్కో వరుసా చదవండి. ఎదుటివారికి జరిగే నష్టానికి మూడేళ్ల థర్డ్‌ పార్టీ బీమా తప్పనిసరి. 1000 నుంచి 1500 సీసీ కార్లకు దాని ప్రీమియం 10,640 రూపాయలు, దాని మీద జీఎస్టీ వేరు. సొంత నష్టానికి చేసే బీమా మాత్రం ఎక్కడైనా తీసుకోవచ్చు. నేను కొన్న షోరూమ్‌లో బీమా తమ దగ్గరే తీసుకోవాలన్నట్టు మాట్లాడారు. బయటి కంపెనీ కోట్‌ ఫోన్‌లో చూపించగానే అదే కవరేజీని దాదాపు అదే ధరకు ఇచ్చారు. మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌లు, సీటు కవర్లు కలిపి ‘ప్యాకేజీ’ అని ఒక వరుస ఉంటే దాన్ని కొట్టేయమనండి. టెస్ట్‌ డ్రైవ్‌కు వాళ్లు చూపించే ఖాళీ వీధి సరిపోదు: ఇంట్లోవాళ్లు నలుగురినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, దగ్గర్లోని ఫ్లైఓవర్‌ను మాన్యువల్‌తో ఒకసారి, ఏజీఎస్‌తో ఒకసారి ఎక్కించి చూడండి.