బాలిలో బాతూర్ డే ట్రిప్ ఎలా ఉందంటే
మారతహళ్లి నుంచి మేం నలుగురం బాలి వెళ్లినప్పుడు ఈ గైడెడ్ ట్రిప్ తీసుకున్నాం. రాత్రి రెండింటికే పికప్, నిద్ర పోతే పోయింది గానీ 1717 మీటర్ల బాతూర్ అగ్నిపర్వతం మీద సూర్యోదయం, కింద సరస్సు, అవతల అగుంగ్ కొండ, నోట మాట రాలేదండీ. పైన రాళ్ల సందుల్లోంచి వేడి ఆవిరి వస్తుంటే గైడ్ చెయ్యి పెట్టి చూడమన్నాడు, 1963లో పారిన లావా నల్లగా గడ్డకట్టి ఎంత దూరం పరుచుకుందో కూడా ఓపిగ్గా చూపించాడు. దిగాక తోయా బుంగ్కాలో వేడినీళ్లలో కూర్చుంటే కాళ్ల నొప్పులు సగం పోయాయి. తెగెనుంగన్ జలపాతం దగ్గర మాత్రం ఒకటే జనం, పైగా అరగంటే టైమిచ్చారు, అది నచ్చలేదు. వెజ్ అయితే ముందే చెప్పండి, మాకు పొద్దున గుడ్లే ఇచ్చారు. స్వెటర్ మర్చిపోవద్దు, పైన బాగా చలి.