ఆస్కార్‌కీ ఫ్లవర్‌హార్న్‌కీ మధ్య గోడ: సక్షన్ కప్పుల డివైడర్ ఎంతవరకు ఆగుతుంది?

ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ రెండూ సిక్లిడ్ కుటుంబానికి చెందిన పెద్ద, కొట్లాడే అక్వేరియం చేపలు. నాలుగడుగుల ట్యాంకులో ఆస్కార్‌నూ ఫ్లవర్‌హార్న్‌నూ కలిపి పెంచేవాళ్లు ఏదో ఒక రోజు డివైడర్ (ట్యాంకును రెండు గదులుగా చేసే అడ్డుగోడ) కోసం షాపుకు పోక తప్పదు. అక్కడ దొరికే సరుకు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. 3 మి.మీ. పారదర్శక యాక్రిలిక్ షీటు, దాని నిండా 6 మి.మీ. రంధ్రాలు, అంచులకు ప్లాస్టిక్ క్లిప్పులు, వాటికి ఆరో ఎనిమిదో సక్షన్ కప్పులు, అంటే గ్లాసుకు అతుక్కునే మెత్తని కప్పులు. బెట్టాలు, గుప్పీల లాంటి చిన్న చేపలకు ఇది భేషుగ్గా సరిపోతుంది. అడుగు పొడవు సిక్లిడ్‌లకు మాత్రం పది పదిహేను రోజుల సరుకే. గాయం మానేదాకా ఒకదాన్ని విడిగా ఉంచాలంటే కొనొచ్చు. నెలల తరబడి గోడలా నిలవాలంటే కప్పులు, క్లిప్పులు పక్కన పడేయాల్సిందే, చాలాసార్లు షీటు కూడా.

ముందు కొలత సంగతి. షాపులో 45 సెం.మీ. వెడల్పు అని చెప్పేది బయటి కొలత. 8 మి.మీ. గ్లాసు అయితే లోపల మిగిలేది 43.4 సెం.మీ. టేపును ట్యాంకు లోపలే పెట్టి అడుగున, మధ్యలో, పైన మూడు చోట్ల కొలవండి. మూడూ ఒకటే రావాలన్న రూలేం లేదు. తక్కువ వచ్చిన కొలతలోంచి 3 మి.మీ. తగ్గించి షీటు కోయించాలి. అడుగు మూలల్లో సిలికాన్ ఉబ్బుగా ఉంటుంది కాబట్టి షీటు కింది రెండు మూలలనూ సెంటీమీటరు మేర ఏటవాలుగా కోయించాలి. లేదంటే షీటు నేలకు ఆనదు. ఇంకో మాట, షీటు గులకరాళ్ల మీద కాదు, అడుగు గ్లాసు మీదే నిలబడాలి. రాళ్లు తర్వాత పోయాలి. సిక్లిడ్‌లు మూతితో రాళ్లు తోడడంలో ఆరితేరినవి, రాళ్ల మీద నిలబెట్టిన గోడ కింద రెండు రోజుల్లో సందు చేసేస్తాయి.

సక్షన్ కప్పులు ఊడేది చేప గుద్దడం వల్లే అనుకుంటారు. అదొక కారణం మాత్రమే. గ్లాసు మీద కంటికి కనబడని జిగురు పొర పేరుకుంటుంది, దాని మీద కప్పు జారుతుంది. వెచ్చని నీళ్లలో ఉండి ఉండి కప్పు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. వీటికంటే పెద్ద కారణం నీటిమట్టం తేడా. ఫిల్టర్ ఒక గదిలోంచి నీళ్లు లాగి రెండో గదిలో పోస్తుంటే ఆ నీళ్లన్నీ డివైడర్ రంధ్రాల్లోంచే వెనక్కి రావాలి. 25 మి.మీ.కు ఒకటి చొప్పున 6 మి.మీ. రంధ్రాలున్న షీటు గుండా గంటకు 2000 లీటర్లు పోతున్నాయనుకుందాం. రంధ్రాలు శుభ్రంగా ఉంటే రెండు గదుల మధ్య తేడా 1 మి.మీ. కూడా ఉండదు. నాచు, మేత తుక్కు పట్టి ఐదింట నాలుగు వంతులు మూసుకుపోతే తేడా 2 సెం.మీ.కు దగ్గర పడుతుంది. 40 సెం.మీ. లోతు నీళ్లలో అది షీటు మీద మూడు కిలోల తోపుడు, రాత్రింబవళ్లు. దానికి తోడు కిలో తూగే ఆస్కార్ ఒక్కసారి దూకుడుగా వచ్చి తగిలితే కప్పు ఊడక ఏం చేస్తుంది?

అందుకే వారానికోసారి నీళ్లు మార్చేటప్పుడు బాటిల్ బ్రష్‌తో రంధ్రాలు తోమడం తప్పనిసరి. వీలుంటే రెండు గదులకూ వేర్వేరు ఫిల్టర్లు పెట్టండి, అప్పుడు తోపుడు గొడవే ఉండదు. చలికాలంలో హీటర్ వాడేవాళ్లు గదికొకటి పెట్టడం మంచిది.

మందం దగ్గర రాజీ పడొద్దు. 3 మి.మీ. యాక్రిలిక్ 45 సెం.మీ. వెడల్పున విల్లులా వంగుతుంది. వంగితే అంచు లోపలికి జరుగుతుంది, అంచు జరిగితే సందు వస్తుంది. 5 లేదా 6 మి.మీ. షీటే తీసుకోండి. నేమ్ బోర్డులు చేసే లేజర్ కటింగ్ షాపులో చదరపు అడుగు లెక్కన కోసి రంధ్రాలు కూడా వేసిస్తారు. నాలుగడుగుల ట్యాంకుకు రెండుంబావు చదరపు అడుగులు చాలు.

ఇక పారదర్శకత. ఈ రెడీమేడ్ డివైడర్ కిట్లు అమ్మేవాళ్లు దీన్ని గొప్పగా చెప్తారు, పెద్ద సిక్లిడ్‌ల విషయంలో ఇదే పెద్ద లోపం. ఎదుటి చేప కనబడుతున్నంతసేపూ ఫ్లవర్‌హార్న్ మొప్పలు విప్పి షీటును గుద్దుతూనే ఉంటుంది. మూతి కమిలిపోతుంది, మేత మానేస్తుంది. ఓడిన చేప తప్పించుకున్నా బెదురు తీరక పై మూలకు చేరి రంగు కోల్పోతుంది. గాయపడ్డ చేపను విడదీయడానికైతే నల్ల షీటో పాల రంగు షీటో వేయించండి. ఉన్న షీటు పారదర్శకమైతే గదుల మధ్య ఒక వైపు నిలువుగా నల్లరాతి పలకలు ఆనించినా సరిపోతుంది.

పక్కాగా నిలవాలంటే కప్పులకు బదులు గ్లాసు గాడి కట్టుకోవాలి. 2.5 సెం.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న గ్లాసు పట్టీలు నాలుగు కోయించి, అంచులు గ్రైండింగ్ చేయించండి. ట్యాంకు ఖాళీ చేసి, పూర్తిగా ఆరబెట్టి, అతికించే చోట స్పిరిట్‌తో తుడవాలి. ముందు గ్లాసుకు రెండు, వెనక గ్లాసుకు రెండు పట్టీలను నిలువుగా, మధ్యలో 7 మి.మీ. సందు వదిలి అక్వేరియం సిలికాన్‌తో అంటించాలి. బాత్‌రూమ్‌ల కోసం అమ్మే యాంటీ ఫంగల్ సిలికాన్ వద్దు, చేపలకు విషం. వెనిగర్ వాసన పోయేదాకా, తక్కువలో తక్కువ 48 గంటలు ఆగి నీళ్లు పోయండి. 6 మి.మీ. షీటు ఆ గాడిలో జారుతూ దిగుతుంది, తీసి కడుక్కోవడమూ సులువే. షీటునే సిలికాన్‌తో గ్లాసుకు అంటిస్తే సరిపోదా అంటారు. సిలికాన్ గ్లాసును పట్టినట్టు యాక్రిలిక్‌ను పట్టదు, కొన్నాళ్లకు పొరలా లేచి వచ్చేస్తుంది.

షీటు ఎత్తు మూత దాకా ఉండాలి. నీటి మట్టానికి రెండంగుళాలు పైకి ఉంది కదా అని వదిలేస్తే ఆ పక్కకు దూకేస్తాయి.

ఫాల్స్ సీలింగ్ లైట్ల కింద వేసే గళ్ల జాలీ, అదే ఎగ్ క్రేట్, చవక. నీళ్లు ధారాళంగా పోతాయి. జత కట్టించే వేళ ఆడచేపను మగచేప చంపకుండా కాపాడడానికి ఇంతకు మించినది లేదు. ఆడచేప జాలీకి ఆనించి గుడ్లు పెట్టేలా పలకను అక్కడే ఉంచి, నీటి పారుదల మగచేప వైపు నుంచి వచ్చేలా పంపు తిప్పితే గుడ్లు ఫలదీకరణం అవుతాయి. రోజూ కొట్టుకునే రెండు మగచేపల మధ్య మాత్రం వద్దు. గళ్లలో పెదవి ఇరుక్కుని చీరుకుంటుంది. రెండంగుళాల లోపు పిల్లలైతే అటూ ఇటూ దూరిపోతాయి కూడా.

డివైడర్ చేపలను విడదీస్తుంది గానీ నీళ్లను విడదీయదు. ఒక గదిలో వేసిన మందు రెండో గదికీ చేరుతుంది. గాయాలకు 100 లీటర్లకు 100 గ్రాముల కల్లుప్పు కరిగించి వేస్తుంటే మొత్తం ట్యాంకు లెక్కనే వేయాలి. 4×1.5×1.5 అడుగుల ట్యాంకంటే సుమారు 255 లీటర్లు, రాళ్లూ పై ఖాళీ పోను 220 అనుకోండి.

గాయం మానాక షీటు తీసే రోజున రాళ్లు, కుండలు, దుంగలు అన్నీ చోటు మార్చాలి. అప్పుడు ఏ మూల ఎవరిదో రెండింటికీ కొత్తగా తేల్చుకోవాల్సి వస్తుంది. లైటు ఆపాకే షీటు తీయండి, మర్నాడు పొద్దున కనిపెట్టి ఉండండి. మూతులు కరుచుకుని వదలకపోయినా, ఒకటి ఇంకోదాన్ని తరుముతూ మూలకు నెట్టినా మళ్లీ షీటు దించేయడమే. ఎండాకాలంలో, నీళ్లు 32 డిగ్రీలు దాటిన రోజుల్లో ఈ ప్రయోగం వద్దు. చేపల జోరు పెరుగుతుంది, నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది.

సైజు చూసి మోసపోవద్దు. అమెజాన్ నీళ్ల ఆస్కార్ ఒళ్లు పెద్దదే గానీ స్వభావం మెతక. ఫ్లవర్‌హార్న్ 1990లలో మలేషియాలో మధ్య అమెరికా సిక్లిడ్‌లను కలిపి పుట్టించిన సంకరం, ట్యాంకంతా తనదే అనుకునే జాతి రక్తం అది. ఎదిగిన ఫ్లవర్‌హార్న్, రెడ్ డెవిల్, జాగ్వార్ లాంటి సిక్లిడ్‌లు ఉన్న చోట షీటు తీసే ఆలోచనే పెట్టుకోకండి. పైగా నాలుగడుగుల ట్యాంకును సగం చేస్తే ఒక్కో గది రెండడుగులే. అడుగు పొడవు చేపకు అది తిరగడానికే చాలదు. 6×2×2 అడుగుల ట్యాంకులోనే డివైడర్‌ను శాశ్వతంగా వాడడం సబబు.

కిట్‌కు మా మార్కులు 5కి 2. అదే పనికి 6 మి.మీ. నల్ల షీటు, గ్లాసు గాడి పెట్టుకుంటే 4. శ్రమ ఎక్కువ కాబట్టి ఒకటి తగ్గించాం. ఎవరైనా కిట్టే కొంటామంటే, క్లిప్పుల్లో ఇనుప స్క్రూలు లేకుండా చూసుకుని, కప్పులు ఇంకో ఎనిమిది అదనంగా తెచ్చుకోండి.