జేమ్స్‌టౌన్ యాత్ర: 90 నిమిషాలని చెప్పి మూడు గంటలు

ముందు కడుపుమంట చెప్పుకుని తర్వాత ఊరి సంగతికొస్తాను. అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలో, జేమ్స్‌టౌన్ పక్కనే ఉన్న విలియమ్స్‌బర్గ్‌లో రెండు రాత్రుల బస 99 డాలర్లకే, టిఫిన్ ఫ్రీ, పైగా 100 డాలర్ల గిఫ్ట్ కార్డు అని మా ఆయనకు ఫోనొచ్చింది. "ఓ 90 నిమిషాలు వాళ్లు చెప్పేది వింటే చాలట" అన్నారు. నేను అక్కడే ఆపాల్సింది. బందరు నుంచి మామయ్యగారు వచ్చి నెలైంది, ఆయన్ని ఎటూ తిప్పలేదన్న బాధలో ఊరుకున్నాను.

మేముండే యాష్‌బర్న్ నుంచి మూడు గంటల దారి. ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ట్రాఫిక్ పుణ్యమా అని ఐదు గంటలు పట్టింది. చెకిన్ దగ్గర రిసార్ట్ ఫీజట, రోజుకు 35 డాలర్లు, ఫోన్లో చెప్పని ముక్క. గదిలో ముక్కిపోయిన కార్పెట్ వాసన, లారీలా రొద పెట్టే ఏసీ.

పొద్దున టిఫినంటే చల్లటి మఫిన్, ఒక ఆరెంజ్. ఎదురుగా టైమ్‌షేర్, అంటే ఏటా కొన్ని రోజులు రిసార్టులో ఉండే హక్కు, అమ్మే కుర్రాడు. ఏటా సెలవులకి ఎంత తగలేస్తున్నారో మా చేతే కాగితం మీద రాయించాడు. 24,000 డాలర్లతో మొదలుపెట్టాడు. వద్దంటే వాళ్ల మేనేజరొచ్చి 15,000 అన్నాడు. లేచి తలుపు దాకా వెళ్తే "చిన్న సర్వే" అంటూ ఇంకొకావిడ కూర్చోబెట్టి 9,000కి దింపింది. మామయ్యగారు రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. అంతా విని ఒకే ప్రశ్న వేశారు: "అమ్మాయ్, దస్తావేజు ఎవరి పేరున రాస్తారో అడుగు." దస్తావేజేమీ లేదు, పాయింట్లిస్తాం అన్నారు. "పాయింట్ల మీద పందిరైనా వేయలేం" అని లేచొచ్చేశారు. గడియారం చూస్తే మూడు గంటల పది నిమిషాలు! మా ఆయన కారెక్కాక అరగంట నోరెత్తలేదు.

ఇక జేమ్స్‌టౌన్. ఒక జాగ్రత్త: ఆ పేరుతో పక్కపక్కనే రెండు చోట్లున్నాయి, టికెట్లు వేరు. ఓడల నమూనాలు, మళ్లీ కట్టిన కోట ఉన్నది జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్ మ్యూజియం. 1607లో ఇంగ్లీషువాళ్లు నిజంగా దిగిన ద్వీపం హిస్టారిక్ జేమ్స్‌టౌన్. మేము మొదట తప్పు పార్కింగ్‌లోకే వెళ్లాం. చిన్నపిల్లలుంటే ఓడల చోటికి వెళ్లండి, లేదంటే ద్వీపమే. మేము ద్వీపానికే వెళ్లాం, పెద్దలకు తలా 30 డాలర్లు తీసుకున్నారు. నేషనల్ పార్కుల పాస్ ఉంటే కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు, కోట ఉన్న ముక్క ఒక స్వచ్ఛంద సంస్థది.

అక్కడ పార్కు చూపించి కథ చెప్పే రేంజరమ్మ వల్లే ఈ ట్రిప్పు గట్టెక్కింది. ఇక్కడ వలస పెట్టుకోమని 1606లో ఇంగ్లండు రాజు జేమ్స్ వర్జీనియా కంపెనీకి పట్టా ఇచ్చాడట. కంపెనీలో ఒక్కో వాటా 12 పౌండ్ల 10 షిల్లింగులు. బంగారం దొరుకుతుందని ఆశపడి 104 మంది దిగారు. తమని పాలించేదెవరో కూడా వాళ్లకి తెలియదు, కౌన్సిల్ సభ్యుల పేర్లు సీలు వేసిన పెట్టెలో పెట్టి పంపారు! తీరం చేరాక తెరిస్తే, ఓడలో నిర్బంధించి తెచ్చిన జాన్ స్మిత్ పేరూ అందులో ఉంది. "రిసార్ట్ ఫీజు కూడా ఆ పెట్టెలోదే" అన్నాను. మా ఆయన నవ్వలేదు.

ఆ కంపెనీ కోశాధికారి థామస్ స్మైత్, ఈస్టిండియా కంపెనీకి మొదటి గవర్నరూ ఆయనేనని ఆమె అనగానే మామయ్యగారు నీడలోంచి లేచి నిలబడ్డారు. "1611లో మా బందర్లో కొట్టు పెట్టిన కంపెనీ అదే!" అన్నారు తెలుగులో. నేను చెబితే ఆమె నోట్‌బుక్కు తీసి "మచిలీపట్నం" అని రాసుకుంది. ఆ సాయంత్రం దాకా ఆయన్ని పట్టలేకపోయాం.

కోట దగ్గరి చర్చిలో, 1617 నాటి పాత చర్చి పునాది రాళ్లు చూపించారు. కాలనీలో ఎన్నికైన ప్రతినిధులు 1619 జూలై 30న మొదటిసారి సభగా కూర్చున్నది అక్కడే. 11 ఊళ్ల నుంచి ఇద్దరేసి వచ్చారు, ఒక ఊరివాళ్లని మాత్రం చేర్చుకోలేదు. పొగాకు ధర ఖాయం చేశారు, మేలు రకం పౌను బరువుకి 3 షిల్లింగులు. ఎండకి తాళలేక ఆరు రోజుల్లో ముగించారు. మేమూ జూలైలోనే వెళ్లాం కాబట్టి ఆ బాధ అర్థమైంది. అదే ఏడు ఆగస్టులో 20 మందికి పైగా ఆఫ్రికన్లని ఓడలో పట్టుకొచ్చి ఇదే కాలనీలో అమ్మారు.

లోపలి మ్యూజియంలో ఒక పుర్రె ఉంది. 1609-10 చలికాలపు కరువులో పోయిన పద్నాలుగేళ్ల పిల్లది. ఆకలికి తట్టుకోలేక చచ్చినవాళ్లని తిన్నారనడానికి సాక్ష్యం. నుదుటి మీద నాలుగు చిన్న గాట్లు, లోతు లేనివి, కోసిన చెయ్యి తటపటాయించినట్టు. మా పన్నెండేళ్ల అమ్మాయి చాలాసేపు అక్కడే నిలబడింది. పిల్లల్ని తీసుకెళ్లే ముందు ఆలోచించుకోండి.

మర్నాడు విలియమ్స్‌బర్గ్ వీధులు తిరిగాం, బాగుంది.

వచ్చేముందు జేమ్స్ నది దాటించే ఫెర్రీ ఎక్కాం, కారుతో సహా ఉచితం. డెక్ మీద నిలబడి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నాం. మామయ్యగారు మాత్రం పొట్లం విప్పలేదు. ఉచితమంటే నమ్మకం లేక, అవతలి ఒడ్డు వచ్చేదాకా ఎవరొచ్చి కూర్చోబెడతారోనని మెట్లవైపే చూస్తూ నిలబడ్డారు.