వాస్క్యులర్ సర్జరీ రెసిడెన్సీ: అమెరికాలో 0+5 దారి మేలా?

వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల శస్త్రవైద్యుడు) కావడానికి పాత దారి జనరల్ సర్జరీ ఐదేళ్లు, ఆపైన ఫెలోషిప్ రెండేళ్లు. మెడికల్ స్కూల్ కాగానే నేరుగా చేరే 0+5లో మొత్తం ఐదేళ్లే. రెండేళ్లు మిగులుతాయి గానీ, రక్తనాళాలే తన పని అని మెడికల్ స్కూల్ చివరి ఏడాదికల్లా తేల్చుకోవాలి. ఒక్కో ప్రోగ్రామ్ ఏడాదికి సాధారణంగా ఒకరినో ఇద్దరినో తీసుకుంటుంది, పోటీ గట్టిదే. అమెరికా వైద్య లైసెన్సు పరీక్షలో మొదటి భాగమైన స్టెప్ 1కి 2022 జనవరి నుంచి మార్కులు లేవు, పాస్ లేదా ఫెయిల్ మాత్రమే. బరువంతా స్టెప్ 2, సిఫార్సు లేఖలు, రొటేషన్ల (ఆసుపత్రి విభాగాల్లో విద్యార్థిగా కొన్ని వారాల పని) మీద పడింది.

ప్రోగ్రామ్‌ను తూచేటప్పుడు స్టెంట్ల సంఖ్య చూసి మురిసిపోవద్దు. ఓపెన్ బైపాస్‌లు, అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) ఆపరేషన్లు ఎన్ని చేయిస్తారో అడగండి. ఎండోవాస్క్యులర్ (కోత లేకుండా రక్తనాళం లోపలి నుంచి చేసే చికిత్స) పెరిగాక లోటు అక్కడే. అల్ట్రాసౌండ్ రిపోర్టులు మొదటి నుంచే చదివించే చోటు మేలు: ఆర్‌పీవీఐ (రక్తనాళాల అల్ట్రాసౌండ్ చదివే అర్హత) పరీక్షకు 500 చదివిన లెక్క చూపాలి, చివర్లో పరుగెత్తితే అందదు. జనరల్ సర్జరీ సర్టిఫికెట్ మాత్రం ఈ దారిలో రాదు.