హన్మకొండలో ఆదివారం గో క్లాస్: చానెల్ ఎక్కడ ఆగుతుందో ముందు చెప్తారు

నయీంనగర్‌లో ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో ఆదివారాలు పొద్దున గో అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ క్లాస్ నడుస్తోంది. వచ్చేది ఎక్కువగా కాలేజీ పిల్లలు, మడికొండ ఐటీ పార్కు నుంచి నాలాంటి ఉద్యోగులు కొందరు. జావా థ్రెడ్లు, లాకులతో విసిగిపోయి చేరాను. ఫీజుకు పూర్తి న్యాయం జరిగింది.

ఫంక్షన్ పిలుపు ముందు 'గో' అని రాస్తే అది విడిగా నడుస్తుంది (ఇలా నడిచేదాన్నే గోరొటీన్ అంటారు), పిలిచిన ఫంక్షన్ దానికోసం ఆగదు. ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ ఫంక్షన్ అయిపోతే మిగతావి సగంలో ఉన్నా ప్రోగ్రామ్ అయిపోయినట్టే. చాలా వీడియోల్లో ఇక్కడ కొంతసేపు ఆగమనే స్లీప్ ఒకటి పెట్టి దాటేస్తారు. సార్ అది పెట్టనివ్వరు. "పని అయిందని మనకెట్ల తెలుస్తది?" అని అడిగి, గోరొటీన్లు ఒకదానికొకటి విలువలు పంపుకునే చానెల్ దగ్గరికి తెస్తారు.

అసలు విలువ ఈ పాఠంలోనే ఉంది. బఫర్ (విలువలు దాచుకునే చోటు) లేని చానెల్ అంటే ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా భుజం మారడమే అన్నారు: అందుకునే భుజం వచ్చేదాకా మోసేవాడు కదలడు. బఫర్ 3 పెడితే మూడు విలువలు ఆగకుండా పోతాయి, నాలుగోది ఆగుతుంది. మూసిన చానెల్‌లోకి పంపితే పానిక్, అంటే ప్రోగ్రామ్ ఎర్రర్‌తో కూలడమే. దాన్నుంచి చదివితే లోపల మిగిలినవి అయ్యాక సున్నా విలువ వెంటనే వస్తుంది; అది ఎవరో పంపిన సున్నానా కాదా అన్నది రెండో విలువ 'ఓకే' చెప్తుంది. నిల్ (ఇంకా తయారుచేయని, ఖాళీ) చానెల్ దగ్గర పంపినా చదివినా ఎప్పటికీ ఆగిపోవడమే. చాలా చానెళ్లలో ఏది సిద్ధంగా ఉంటే దాన్ని ఎంచుకునే సెలెక్ట్‌లో ఒక కేసును ఆపేయడానికి ఆ చానెల్ వేరియబుల్‌ను నిల్ చేస్తే చాలని చూపించినప్పుడు వెనక బెంచీల వాళ్లు కూడా లేచి బోర్డు దగ్గరికి వచ్చారు.

ఇంకో మంచి హెచ్చరిక. అన్ని గోరొటీన్లూ ఆగిపోతేనే రన్‌టైమ్ (ప్రోగ్రామ్‌ను నడిపించే గో భాగం) డెడ్‌లాక్, అంటే ఎవరూ కదలలేరు అని అరుస్తుంది. సర్వర్‌లో ఒక్కటి ఇరుక్కుంటే ఏమీ చెప్పదు. ఒక్కోదాని స్టాక్ (దాని సొంత మెమరీ) సాధారణంగా 2 కేబీతోనే మొదలవుతుంది కాబట్టి మొదట్లో తెలియదు. అవి వేలల్లో పేరుకున్నాక మెమరీ గ్రాఫ్ చూసి టెన్షన్ పడాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఈ ఒక్క ముక్క కోసమైనా క్లాస్ అవసరం.

చానెల్‌లో ఫంక్షన్లనే పంపించి, అవతల వర్కర్‌తో పిలిపించే ప్రాక్టీస్ కూడా బాగుంది.

లోటు ల్యాబ్‌లోనే. అక్కడి సిస్టమ్స్‌లో పాత వెర్షన్ ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన గో 1.22 నుంచి లూప్ వేరియబుల్ ప్రతి తిప్పుకూ కొత్తది, అదీ ప్రాజెక్ట్ వివరాలు ఉండే గో.మాడ్ ఫైల్లో 1.22 లేదా ఆపై వెర్షన్ రాసి ఉంటేనే. అంతకుముందు లూప్‌లోని క్లోజర్లన్నీ (బయటి వేరియబుళ్లను వాడుకునే లోపలి ఫంక్షన్లు) ఒకే వేరియబుల్‌ను పట్టుకునేవి. దాంతో ఒకే కోడ్‌కు ల్యాబ్‌లో ఒక జవాబు, లాప్‌టాప్‌లో ఒకటి వచ్చి పిల్లలు తికమక పడ్డారు. పనిని మధ్యలో ఆపమని చెప్పే కాంటెక్స్ట్, ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మారిస్తే పట్టిచ్చే రేస్ డిటెక్టర్ చివరి క్లాస్‌లో హడావిడిగా అయిపోయాయి. వాటికి ఇంకో ఆదివారం ఇవ్వాల్సింది.

చేరేవాళ్లు సొంత లాప్‌టాప్‌లో కొత్త వెర్షన్ వేసుకుని వెళ్లండి. స్లైసులు, స్ట్రక్ట్‌లు (డేటాను పేర్చుకునే గో పద్ధతులు) ఇంట్లోనే చూసుకోండి, సార్ వాటి మీద ఎక్కువసేపు ఉండరు.